గన్నవరానికి విదేశీ విమానాలు ఎందుకు రావు, మన విమాన కంపెనీలు ఎందుకు మూతపడతాయి: చట్టం వైపు నుంచి ఒక సమాధానం

గుంటూరులో లా చివరి సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి మూడు ప్రశ్నలు అడిగారు. విజయవాడ విమానాశ్రయం ఉన్న గన్నవరానికి అంతర్జాతీయ హోదా వచ్చి ఇన్నేళ్లయినా ఎమిరేట్స్ లాంటి విదేశీ కంపెనీలు ఇక్కడికి ఎందుకు రావడం లేదు? మన విమాన కంపెనీలు ఒకదాని తర్వాత ఒకటి మూతపడటానికి చట్టాలు చాలకపోవడమే కారణమా? మూడోది వాళ్ల ఇంటి సంగతి. బాబాయిగారు గన్నవరం నుంచి ఢిల్లీ వెళ్లాల్సిన విమానాన్ని కంపెనీ 12 గంటల ముందు రద్దు చేసి, టికెట్ డబ్బు వెనక్కిచ్చి ఊరుకుంది. దీని మీద గుంటూరులోనే కేసు వేయొచ్చా? నేను విజయవాడలో లాయర్ని, ఇలాంటి కేసులు ఏళ్లుగా చూస్తున్నాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు రెండో ప్రశ్న తీసుకుంటాను, ఎందుకంటే మిగతా రెండింటికీ మూలం అందులోనే ఉంది. మనకి చట్టాలు చాలవని నేను అనుకోను అమ్మా. 1934 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ యాక్ట్ స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్ వచ్చింది, 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. విమానాశ్రయాల అథారిటీకి 1994 చట్టం, విమానాశ్రయ ఛార్జీలకి 2008 చట్టం, ప్రయాణికుల నష్టపరిహారానికి 1972 నాటి క్యారేజ్ బై ఎయిర్ యాక్ట్ ఉన్నాయి. 1944 షికాగో ఒప్పందం దగ్గర నుంచి ముఖ్యమైన అంతర్జాతీయ ఒప్పందాల్లోనూ ఉన్నాం. నన్ను బాధపెట్టేది వేరే విషయం. గట్టిగా అడిగే బలం ఉన్నవాళ్ల కోసం చట్టం ముందు కదులుతుంది. ఆ బలం లేని ప్రయాణికుడు, ఉద్యోగి, చిన్న నగరం వరసలో వెనక నిలబడాల్సి వస్తుంది. దీనికి గో ఫస్ట్ అనే విమాన కంపెనీ కథే మంచి ఉదాహరణ.

మన దేశంలో ఎగిరే ప్రయాణికుల విమానాల్లో దాదాపు 80 శాతం లీజువి. అంటే వాటి యజమానులు ఎక్కువగా ఐర్లాండ్ లాంటి దేశాల్లోని లీజింగ్ కంపెనీలు, అద్దె డాలర్లలో కట్టాలి. ఇలా విమానాలు అద్దెకిచ్చేవాళ్ల హక్కులకి భరోసా ఇవ్వడానికి 2001లో కేప్‌టౌన్ ఒప్పందం వచ్చింది. అద్దె కట్టడం ఆగిపోతే రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకుని విమానాన్ని తీసుకెళ్లిపోవచ్చు అన్నది దాని సారాంశం. మనం 2008లో అందులో చేరాం. కానీ దాన్ని దేశంలో అమలు చేసే చట్టం మాత్రం చేయలేదు. ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్‌లో ఒక సవరణతో సరిపెట్టాం. ఈలోగా 2016లో దివాలా చట్టం వచ్చింది. దాని 14వ సెక్షన్ ప్రకారం దివాలా పిటిషన్ స్వీకరించగానే మారటోరియం, అంటే వసూళ్లన్నిటికీ విరామం, మొదలవుతుంది, కంపెనీ ఆధీనంలో ఉన్న ఆస్తిని యజమాని సైతం వెనక్కి తీసుకోలేడు. ఒప్పందం ఒకటి చెబుతోంది, పార్లమెంటు చేసిన చట్టం మరొకటి చెబుతోంది. కోర్టులో ఏది నిలుస్తుందో మీరు చదువుకునే ఉంటారు.

2023 మే 2న గో ఫస్ట్ తనంతట తానే దివాలా పిటిషన్ వేసింది. ఇంజిన్లు సమయానికి అందక సగం విమానాలు నేల మీదే ఉండిపోయాయని చెప్పింది. మే 10న కంపెనీల దివాలా కేసులు చూసే ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీ దాన్ని స్వీకరించింది, మారటోరియం వచ్చేసింది. ఆటోనగర్‌లో ఒకాయన తన లారీని నెల అద్దెకిచ్చాడనుకోండి. అద్దెకు తీసుకున్నవాడు చేతులెత్తేశాడు. లారీ ఎదురుగానే ఉంది, తాళం ఇవ్వరు, అద్దె రాదు, రోజూ ఎవరో ఒక పార్టు విప్పుకుపోతున్నారు. లీజుకిచ్చినవాళ్లది అదే పరిస్థితి. తమ విమానాల్లో భాగాలు మాయమవుతున్నాయని వాళ్లు ఢిల్లీ హైకోర్టుకి మొరపెట్టుకున్నారు. ఏవియేషన్ వర్కింగ్ గ్రూప్ అనే అంతర్జాతీయ సంస్థ భారత్‌ని నిఘా జాబితాలో పెట్టింది. దాని ఫలితం ఏమిటంటే, ఏ తప్పూ చేయని మిగతా మన కంపెనీలకి కూడా లీజు ఖరీదయ్యే ప్రమాదం వచ్చింది.

అప్పుడు కదిలారు. 2023 అక్టోబర్ 3న కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చి విమానాలనీ ఇంజిన్లనీ మారటోరియం నుంచి తప్పించింది. 2024 ఏప్రిల్ 26న ఢిల్లీ హైకోర్టు 54 విమానాల రిజిస్ట్రేషన్ ఐదు పనిదినాల్లో రద్దు చేయమని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏని ఆదేశించింది. 2025 ఏప్రిల్‌లో పార్లమెంటు విమాన వస్తువుల్లో హక్కుల రక్షణ చట్టాన్ని ఆమోదించింది, దాంతో కేప్‌టౌన్ ఒప్పందానికి దేశంలో పూర్తి చట్టబలం వచ్చింది. చేరిన 17 ఏళ్లకి. ఆ బిల్లు పెట్టిన పౌర విమానయాన మంత్రి మన శ్రీకాకుళం రామ్మోహన్ నాయుడు గారు. చట్టం మంచిదే, రావాల్సిందే. లీజు ఖర్చు తగ్గితే ఆ లాభం ఎంతో కొంత టికెట్ ధరలో కనిపించాలి.

ఇప్పుడు రెండో వైపు చూడండి. అదే గో ఫస్ట్‌లో ముందుగా టికెట్లు కొనుక్కున్నవాళ్లు, నెలల తరబడి జీతాలు అందని సిబ్బంది ఏమయ్యారు? 2025 జనవరిలో కంపెనీ లిక్విడేషన్‌కి, అంటే ఆస్తులమ్మి మూసేసే దశకి వెళ్లింది. దివాలా చట్టం 53వ సెక్షన్ పంపకాల వరస చెబుతుంది. ముందు దివాలా ప్రక్రియ ఖర్చులు, తర్వాత తాకట్టు పెట్టుకున్న బ్యాంకులతో సమానంగా కార్మికుల గత 24 నెలల బకాయిలు, ఆ తర్వాత మిగతా ఉద్యోగుల 12 నెలల జీతాలు, అలా కిందకి దిగుతూ వస్తుంది. టికెట్ కొన్నవాడు ఎక్కడో అట్టడుగున. కంపెనీకి సొంత విమానాలే లేనప్పుడు అమ్మి పంచడానికి మిగిలేది ఎంత? జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో ఆగింది, దాన్ని నిలబెట్టే ప్రయత్నాలన్నీ అయ్యాక 2024 నవంబర్ 7న సుప్రీంకోర్టు లిక్విడేషన్‌కి ఆదేశించింది. అయిదేళ్లకు పైగా గడిచిపోయింది. మూతపడిన ఒక కంపెనీ టికెట్లతో నా ఆఫీసుకి వచ్చిన కుటుంబాలకి నేను ఇచ్చిన సలహా క్లెయిమ్ ఫారం నింపి పంపమని, డబ్బు మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దని. అంతకుమించి ఇవ్వగలిగిన సలహా చట్టంలో లేదు.

ప్రయాణికుడు మూడు నెలల ముందే కట్టిన డబ్బుని కంపెనీ ఆ రోజు ఇంధనానికి వాడేసుకోవచ్చు. ప్రయాణం అయ్యేదాకా ఆ డబ్బు విడిగా ఉండాలని గానీ, టికెట్ మీద కొద్ది రూపాయలు తీసి ఒక రక్షణ నిధి పెట్టాలని గానీ మన చట్టం అడగదు. మీరు డిసర్టేషన్‌కి అంశం వెతుకుతున్నామన్నారు కదా, నా మాట వింటే ఇది తీసుకోండి. విమానం యజమాని రక్షణకి ఒక చట్టం చేయగలిగిన దేశం, టికెట్ కొన్నవాడి కోసం ఒక సెక్షన్ రాయలేదా?

కంపెనీలు మునగడానికి ఇంధనం పన్ను ఇంకో కారణం. విమాన ఇంధనం ఏటీఎఫ్ జీఎస్టీలోకి రాలేదు. రాజ్యాంగం 279ఎ అధికరణం ప్రకారం ఎప్పుడు తేవాలో జీఎస్టీ కౌన్సిల్ సిఫార్సు చేయాలి. 2017 నుంచి ఆ సిఫార్సు రాలేదు. రాష్ట్రానికో వ్యాట్, 1 శాతం దగ్గర నుంచి 29 శాతం దాకా ఉంది. కట్టిన వ్యాట్‌కి ఇన్‌పుట్ క్రెడిట్ రాదు, అంటే కంపెనీ కట్టాల్సిన జీఎస్టీలో దాన్ని తగ్గించుకోలేదు. రాష్ట్రాలు ఈ ఆదాయాన్ని వదులుకోవు, అందుకే ఇది ఇప్పట్లో తేలే విషయంగా నాకు కనిపించడం లేదు.

ఇక గన్నవరం. 2017లో అంతర్జాతీయ హోదా వచ్చింది. చాలామంది దాన్ని విదేశీ విమానాలు వచ్చి వాలడానికి అనుమతి అనుకున్నారు. ఆ హోదా వల్ల వచ్చేవి కస్టమ్స్, ఇమిగ్రేషన్, ఆరోగ్య తనిఖీ లాంటి ఏర్పాట్లు. కస్టమ్స్ చట్టం 7వ సెక్షన్ కింద నోటిఫై చేసిన విమానాశ్రయంలోనే విదేశీ ప్రయాణికులూ సరుకూ దిగాలి కాబట్టి అవి తప్పనిసరి. కానీ ఏ విదేశీ కంపెనీ ఎక్కడికి రావచ్చో తేల్చేది వేరే కాగితం. షికాగో ఒప్పందం మొదటి అధికరణమే ప్రతి దేశానికీ తన గగనతలం మీద సంపూర్ణ అధికారం ఉందంటుంది. ఆరో అధికరణం ప్రకారం అనుమతి లేనిదే షెడ్యూల్డ్ సర్వీసు నడపకూడదు. ఆ అనుమతి రెండు దేశాల మధ్య ద్వైపాక్షిక ఒప్పందంగా ఉంటుంది. అందులో వారానికి ఎన్ని సీట్లు, ఏయే నగరాలు అన్నది రాసుకుంటారు. ఆ నగరాలని పాయింట్ ఆఫ్ కాల్ అంటారు. జాబితాలో పేరు లేకపోతే రన్‌వే ఎంత పొడుగున్నా విదేశీ కంపెనీ రాలేదు.

దుబాయ్‌తో మన ఒప్పందంలో వారానికి ఒక్కో వైపు 66 వేల సీట్ల పరిమితి ఉంది. దుబాయ్ కంపెనీలు తమ వైపు సీట్లన్నీ ఎప్పుడో నింపేశాయి, పెంచమని ఎమిరేట్స్ ఏళ్లుగా అడుగుతోంది. మన ప్రభుత్వం ఒప్పుకోవడం లేదు. దానికి కారణం కూడా సబబైనదే. దుబాయ్ వెళ్లేవాళ్లకంటే దుబాయ్ మీదుగా అమెరికాకీ యూరప్‌కీ వెళ్లే మనవాళ్ల మీద ఆ కంపెనీల చూపు ఉంటుంది. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పిల్లలు అమెరికాలో లేని వీధి ఉండదు కదా. ఆ ప్రయాణాలన్నీ గల్ఫ్ హబ్‌ల ద్వారా జరిగితే మన కంపెనీలు నేరుగా అమెరికాకి విమానం వేయడానికి జనం మిగలరు. అయితే దీని ధర ఎవరు కడుతున్నారు? హైదరాబాద్ దాకా రాత్రంతా కారులోనో బస్సులోనో వెళ్లి శంషాబాద్‌లో ఎక్కే గుంటూరు అమ్మమ్మలూ తాతయ్యలూ.

ఆగ్నేయాసియాలోని ఆసియాన్ దేశాల కంపెనీలకి మన ప్రభుత్వం 18 పర్యాటక నగరాలు తెరిచింది, వాటిలో విశాఖ ఉంది, విజయవాడ లేదు. 2016 పౌర విమానయాన విధానంలో ఢిల్లీకి 5,000 కిలోమీటర్ల అవతలి దేశాలతోనూ దక్షిణాసియాలోని సార్క్ దేశాలతోనూ పరస్పరం ఓపెన్ స్కై, అంటే సర్వీసులకి పరిమితి లేని ఏర్పాటు అన్నారు. దుబాయ్, సింగపూర్ రెండూ ఆ గీతకి ఇవతలే పడతాయి. ఆ విధానం తెచ్చినప్పుడు మంత్రి విజయనగరం అశోక్ గజపతిరాజు గారు. మన ప్రాంతం వాళ్లు మంత్రులుగా ఉన్నా ఈ ముడి విడలేదంటే అది వ్యక్తుల వల్ల విడిపోయేది కాదని అర్థం. సీట్ల బేరంలో పెద్ద నగరాలు, పెద్ద కంపెనీలు గట్టిగా మాట్లాడతాయి. విజయవాడ తరఫున ఆ గదిలో కూర్చునేవాళ్లు ఎవరూ లేరు.

మిగిలిన దారి మన కంపెనీలే నడపడం. 2018 డిసెంబర్‌లో ఇండిగో సింగపూర్ సర్వీసు మొదలుపెట్టింది. సీట్లు నిండకపోతే ఆ లోటుని రాష్ట్ర ప్రభుత్వం భరిస్తుందన్న హామీ మీద అది నడిచింది. 2019 మధ్యలో ఆ హామీ ఆగింది, సర్వీసూ ఆగింది. 2022 అక్టోబర్ 31న ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ షార్జా సర్వీసు వేసింది. షార్జాకి దుబాయ్‌తో సంబంధం లేని వేరే ఒప్పందం ఉంది. గన్నవరం రన్‌వేని 3,360 మీటర్లకి పెంచడానికి చుట్టుపక్కల రైతులు భూములిచ్చారు. కాబట్టి రాష్ట్రం అడగాల్సింది ఒక్కో సర్వీసుకి సబ్సిడీ మాత్రమే అయితే చాలదు. ఒప్పందాలు తిరిగి రాసుకునే ప్రతిసారీ విజయవాడ పేరు పాయింట్ ఆఫ్ కాల్ జాబితాలో పెట్టమని అడగాలి. కొత్త సీట్లు ఇస్తే అందులో కొన్ని ఇలాంటి నగరాలకే అన్న షరతు పెట్టమనాలి. అలా చేస్తే గల్ఫ్ కంపెనీలకి ఢిల్లీ, ముంబయిల్లో అదనంగా ఏమీ ఇచ్చినట్టు కాదు, మనకీ విమానం వస్తుంది.

నియంత్రణ సంస్థ గురించి కూడా చెప్పాలి. డీజీసీఏ కేంద్ర మంత్రిత్వ శాఖ కింద పనిచేసే విభాగం. 2013లో దాని స్థానంలో స్వయంప్రతిపత్తి ఉన్న పౌర విమానయాన అథారిటీ పెట్టాలని లోక్‌సభలో బిల్లు పెట్టారు, అది 2014లో సభతోపాటే ముగిసిపోయింది. అదే ఏడాది జనవరి 31న అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ మన భద్రతా పర్యవేక్షణని రెండో కేటగిరీకి దించింది. తగినంతమంది ఇన్‌స్పెక్టర్లు లేకపోవడం ప్రధాన లోపాల్లో ఒకటి. 2015 ఏప్రిల్‌లో తిరిగి మొదటి కేటగిరీ వచ్చేదాకా మన కంపెనీలు అమెరికాకి కొత్త సర్వీసులు వేయలేకపోయాయి. ఆ దెబ్బ తిన్న తర్వాత కూడా డీజీసీఏలో మంజూరైన పోస్టుల్లో దాదాపు సగం ఖాళీగా ఉన్నాయని 2025లో పార్లమెంటరీ కమిటీ ఎత్తిచూపింది. ప్రమాదాలని దర్యాప్తు చేసే ఏఏఐబీ కూడా అదే మంత్రిత్వ శాఖ కింద ఉంది. 2025 జూన్ 12 అహ్మదాబాద్ ప్రమాదంలో 260 మంది చనిపోయారు. దర్యాప్తులో నియంత్రణ లోపం ఏదైనా బయటపడితే, తన మీద అధికారం ఉన్న శాఖనే ఏఏఐబీ తప్పుపట్టాల్సి వస్తుంది. 2024లో భారతీయ వాయుయాన్ అధినియమ్ చేసేటప్పుడు దీన్ని సరిచేసే అవకాశం ఉంది, చేయలేదు. పైగా డీజీసీఏ ఉత్తర్వులని కేంద్రం సమీక్షించే అధికారం అలాగే ఉంచారు.

ఆ బలహీనత 2025 డిసెంబర్‌లో దేశమంతా చూసింది. పైలట్లకి వారానికి 36 గంటల విశ్రాంతిని 48కి పెంచి, రాత్రి ల్యాండింగ్‌లని ఆరు నుంచి రెండుకి తగ్గించే నిబంధనలు 2024 జనవరిలోనే ప్రకటించారు. కంపెనీల ఒత్తిడితో అమలు వాయిదా పడింది. పైలట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టులో పోరాడాక 2025 జూలై 1న కొన్ని, నవంబర్ 1న మిగతావి అమల్లోకి వచ్చాయి. దాదాపు రెండేళ్ల సమయం దొరికింది. అయినా దేశీయ మార్కెట్‌లో 60 శాతానికి పైగా వాటా ఉన్న ఇండిగో సరిపడా పైలట్లని సిద్ధం చేసుకోలేదు. డిసెంబర్ మొదటి వారంలో వేల విమానాలు రద్దయ్యాయి. డీజీసీఏ ఆ కంపెనీకి రాత్రి డ్యూటీ నిబంధనల నుంచి 2026 ఫిబ్రవరి 10 దాకా మినహాయింపు ఇచ్చింది. ధరలు చుక్కలంటితే 500 కిలోమీటర్ల లోపు 7,500 రూపాయలు, 1,500 కిలోమీటర్లు దాటితే 18,000 అని ప్రభుత్వం గరిష్ఠ ధర పెట్టాల్సి వచ్చింది. తర్వాత జనవరిలో 22.20 కోట్ల జరిమానా వేశారు. ప్రయాణికులు ఇరుక్కుపోయి ఉండగా ఆ మినహాయింపు ఇవ్వక తప్పలేదని నేనూ ఒప్పుకుంటాను. కానీ అలసిపోయిన పైలట్ భద్రత గురించి రాసిన నిబంధన అది. సిద్ధంగా ఉన్నారా అని అక్టోబర్‌లోనే లెక్కలు తనిఖీ చేసి, లేకపోతే అప్పుడే షెడ్యూల్ తగ్గించమనాల్సింది. అలా చేయడానికి మనుషులు కావాలి, పెద్ద కంపెనీకి కాదని చెప్పే స్వతంత్రం కావాలి.

మీ బాబాయిగారి విషయానికి వస్తాను. డీజీసీఏ పౌర విమానయాన నిబంధనల్లో మూడో సెక్షన్, ఎం సిరీస్, నాలుగో భాగం చదవండి. 24 గంటల లోపు రద్దు చేస్తే డబ్బు వెనక్కివ్వడం గానీ వేరే విమానం చూపడం గానీ చేయాలి, దాంతోపాటు నష్టపరిహారం ఇవ్వాలి. ప్రయాణ సమయం గంట లోపైతే 5,000, రెండు గంటల లోపైతే 7,500, అంతకు మించితే 10,000 రూపాయలు. లేదా ఒకవైపు బేసిక్ ఛార్జీకి ఇంధన ఛార్జీ కలిపిన మొత్తం, రెండింటిలో ఏది తక్కువైతే అది. గన్నవరం నుంచి ఢిల్లీ రెండు గంటలు దాటుతుంది కాబట్టి ఆయన మూడో వరసలోకి వస్తారు. కంపెనీ పంపిన మెసేజ్‌లో ‘ఆపరేషనల్ కారణాల వల్ల’ అని ఉందన్నారు. పొగమంచు, తుపాను, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ ఆంక్షలు, భద్రతా ముప్పు లాంటి అసాధారణ పరిస్థితులకే మినహాయింపు. సిబ్బంది దొరకలేదన్నది అందులోకి రాదని మీరు వాదించవచ్చు. ఏ కారణమో రాతపూర్వకంగా చెప్పమని ముందు అడగండి.

టికెట్ షరతుల్లో ఫలానా నగరం కోర్టులకే అధికారం అని రాసి ఉంటుంది, దాన్ని చూసి టెన్షన్ పడొద్దు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోట, అంటే గుంటూరు జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, ఆన్‌లైన్‌లో కూడా దాఖలు చేయవచ్చు, లాయరు తప్పనిసరి కాదు. ఇంకో దారి పర్మనెంట్ లోక్ అదాలత్. న్యాయ సేవల చట్టం కింద విమాన రవాణా ప్రజోపయోగ సేవ కాబట్టి అక్కడికీ వెళ్లవచ్చు. దీని మీద సుప్రీంకోర్టు 2011లో ఇచ్చిన తీర్పు తప్పక చదవండి. 2007 డిసెంబర్‌లో ఢిల్లీ పొగమంచులో విమానంలోనే గంటల తరబడి కూర్చోవాల్సి వచ్చిన ఒక హైదరాబాద్ ప్రయాణికుడి కేసు అది. హైదరాబాద్ లోక్ అదాలత్‌కి విచారణ అధికారం ఉందని కోర్టు ఒప్పుకుంది. తక్కువ ధర కంపెనీ అయినా కనీస సౌకర్యాలు చూడాల్సిందేనంది. అయితే ఆలస్యం పొగమంచు వల్లే అయింది, కంపెనీ నిర్లక్ష్యం రుజువు కాలేదు కాబట్టి పరిహారాన్ని కొట్టేసింది. అంటే కేసు ఎక్కడ వేయాలన్నది మీకు ఇబ్బంది కాదు, కారణం రుజువు చేయడమే అసలు పని.

కాబట్టి కాగితాలు జాగ్రత్త చేయండి. రద్దు మెసేజ్ వచ్చిన సమయం కనిపించే స్క్రీన్‌షాట్, రద్దయినదాని బదులు కొత్త టికెట్ కొని ఉంటే దాని బిల్లు, అదే రోజు అదే దారిలో మిగతా కంపెనీల విమానాలు ఎగిరాయని చూపే సమాచారం. ఈ చివరిది వాతావరణం సాకుని నిలవనివ్వదు. ముందు కంపెనీ నోడల్ ఆఫీసర్‌కి, తర్వాత అప్పిలేట్ అధికారికి రాయండి, పౌర విమానయాన శాఖ ఎయిర్‌సేవా పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేసి నంబరు ఉంచుకోండి. జవాబు రాకపోతే నోటీసు పంపి కమిషన్‌కి వెళ్లండి. విమానం రద్దయిన రోజు నుంచి రెండేళ్లు గడువు. ఆ పరిహారం ఎప్పుడొస్తుందిలే అని బాబాయిగారు వదిలేద్దామంటే మాత్రం, ఆయన తరఫున మీరే వాదిస్తామని చెప్పండి. చదువు పూర్తవుతుండగా మీకు అంతకంటే మంచి మొదటి కేసు దొరకదు.